ఐదో యూనిట్‌లోకి ఎక్కిన నాట్ల గుంపు

డిగ్రీ పిల్లలకు సొంతంగా వ్యాపారం పెట్టుకోవడం నేర్పే కోర్సును తయారు చేసినవాళ్లలో నేనొకణ్ని. ఈ మాట చెప్పుకోవడానికి ఒకప్పుడు సందు దొరికితే చాలన్నట్టు ఉండేవాణ్ని. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్లు ఏం చేస్తారని అడిగితే, బాన్సువాడలో కామర్స్ లెక్చరర్‌నని చెప్పి ఊరుకునేవాణ్ని కాదు. యూనివర్సిటీ సిలబస్ కమిటీలో ఉన్నానని కూడా తగిలించేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మాట మారుస్తాను. ఎందుకో ఇంట్లో కూడా ఇంతవరకు సరిగ్గా చెప్పలేదు.

నా జన్మలో నేను ఒక్క వ్యాపారమూ చేయలేదు. ఒకసారి మా బావమరిదీ నేనూ కలిసి జిరాక్స్ సెంటర్ పెడదామనుకున్నాం. కిరాయికి ఒక దుకాణం మడిగె చూడ్డానికి పోయి, తుప్పు పట్టిన షట్టర్ ఎత్తబోతే నా నడుము పట్టేసింది. వ్యాపారం అక్కడితో ముగిసింది. అలాంటివాణ్ని పట్టుకుని, పిల్లలకు సొంత కాళ్ల మీద నిలబడడం నేర్పే పాఠాలు రాయమన్నారు. కమిటీలో నలుగురం. నలుగురమూ నెల తిరిగితే జీతం తీసుకునేవాళ్లమే.

మొదటి ముసాయిదా నేనే రాశాను. నిజానికి రాయలేదు. ఇంటర్నెట్‌లో అక్కడొక ముక్కా ఇక్కడొక ముక్కా ఏరి అతికించాను. మొత్తం ఐదు యూనిట్లు. ఐదో యూనిట్ ఉదాహరణలది. అందులో ఉన్నవన్నీ పైదేశాల కథలే. కారు షెడ్డులో మొదలైన కంపెనీలు, కాఫీ కొట్లు, ఫోను యాప్‌లు. మా కాలేజీలో వాటిని ఒకసారి చెప్పి చూశాను. సగం మంది పొద్దున్నే బీర్కూర్ బస్సులో నిలబడి వచ్చినవాళ్లు. మధ్యాహ్నం పూట ఆ కాఫీ కొట్ల కథ వింటుంటే ఒక్కొక్కరి తల బెంచీ మీదికి వాలిపోయింది.

కమిటీ పెద్దాయన నా ముసాయిదా అంతా తిరగేసి, "ఇందులో మీ ఊరు ఎక్కడుందయ్యా?" అని ఒక్క మాట అడిగి కాగితాలు నా ముందుకు తోసేశాడు. మిగతా ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆయనకు మనసులోనే జవాబులు చెప్పుకుంటూ వచ్చాను. ఊరు కావాలా, చూపిస్తాను ఉండు అనుకున్నాను.

మర్నాడే ఊరి మీద పడ్డాను. బస్టాండు దగ్గర ఒక బేకరీ ఉంది. దాని యజమానిని అందరూ చాచా అంటారు. ఆయన చేసే నాన్‌ఖటాయి కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బస్సు దిగి మరీ కొనుక్కుపోతారు. డైరీ, పెన్నూ పట్టుకుని వెళ్లి, మీ వ్యాపారం మీద పాఠం రాస్తానని చెప్పాను. చాయ్ తెప్పించాడు. పళ్లెంలో రెండు నాన్‌ఖటాయిలు పెట్టాడు. పిండి ఎక్కడ తెస్తారు, భట్టీ ఎప్పుడు వెలిగిస్తారు, పల్లెల దుకాణాలకు ఏ రోజు పంపుతారు అని నేను అడుగుతూ పోయాను, ఆయన నవ్వుతూ పోయాడు.

"సార్, చాయ్ తాగుండ్రి, బిస్కెట్ తినుండ్రి. గవన్ని రాసుకపోతే నా దుకాణమే మీ పుస్తకంలకు పోతది గద. ఇగ నేనేడ కూసోవాలె?" అన్నాడు చివరికి.

నాకు అది వెటకారంగా అనిపించింది. చదువు విలువ తెలియని మనిషని స్టాఫ్ రూములో ఆయన గొంతును అనుకరించి చెప్పి అందరినీ నవ్వించాను.

మా క్లాసులో ఒక అమ్మాయి సంగతి నాకు తెలిసింది అప్పుడే. బీకాం ఆఖరి సంవత్సరం, బీర్కూర్ అవతల ఒక ఊరు. వానాకాలం నాట్ల రోజులవి. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునేది, ఫోను బెంచీ కింద పెట్టుకునేది. ఒకరోజు పాఠం మధ్యలో ఆ ఫోను మోగింది. నాకు కోపం వస్తే ముందూ వెనకా ఉండదు. వెళ్లి ఫోను లాక్కుని, నలుగురిలో బుద్ధి చెప్పాలని నేనే ఎత్తి స్పీకర్ పెట్టాను.

"బిడ్డా, మా నారు ముదురుతుంది. గుంపు ఎల్లుండన్న వస్తదా లేదా? నువ్వు జెప్తెనే నేను నీళ్లు వెట్టి పొలం కలిపిస్త," అంది అవతల ఒక పెద్దాయన గొంతు.

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి తల వంచుకుంది. గంట కొట్టాక ఫోను కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు, ఏంటీ కథ అని అడిగాను. భయపడుతూనే చెప్పింది.

వాళ్లమ్మ పద్నాలుగు మంది ఆడవాళ్ల నాట్ల గుంపుకు పెద్ద. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని వరినాట్లు వేస్తారు. గుంపులకు అసలు కష్టం వంగి నాటడంలో కంటే రోజులు కుదుర్చుకోవడంలో ఉంటుంది. ఒక రోజు ముగ్గురు రైతులు ఒకేసారి రమ్మంటారు. ఆ తర్వాత నాలుగు రోజులు పిలిచే దిక్కుండదు. ఈ పిల్ల ఇంటర్ చదివేటప్పటి నుంచి ఒక నోటుబుక్కు రాస్తోంది. ఏ రైతు ఏ రోజు నారు పోశాడు, ఎవరి పొలానికి కాలువ నీళ్లు ముందు అందుతాయి, ఎవరికి వెనక అందుతాయి, ఎవరికి బోరు ఉంది కాబట్టి రెండు రోజులు ఆగగలడు, ఎవరు ఆగలేడు, అన్నీ అందులో ఉంటాయి. వాటిని చూసుకుని గుంపు ఏ పొద్దు ఏ మడిలో దిగాలో చెబుతుంది. దాంతో వాళ్ల గుంపు సీజనులో ఒక్క పూట కూడా ఖాళీగా కూర్చోదు.

ఆడవాళ్లంతా కూర్చుని మాట్లాడుకుని, ఈ పిల్ల బురదలో దిగినా దిగకపోయినా గుత్త డబ్బులో ఒక మనిషి పాలు ఇవ్వాలని ఒప్పుకున్నారట. ఆ పాలుతోనే ఆమె చదువు సాగుతోంది. డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో ఎంకాం చేయాలని ఆశ. "గుంపుల అందరు ఒప్పుకున్నరు సార్, రెండేండ్లు ఇస్తమన్నరు," అంది. అది చెప్పేటప్పుడు మాత్రం భయం పోయి ముఖం వెలిగింది.

ఆ పిల్ల తెలివికి నాకు ముచ్చటేసింది. అంతకంటే ఎక్కువగా, నా ఐదో యూనిట్ దొరికిందని సంతోషమేసింది. కమిటీ పెద్దాయన ముఖం ఎలా మారుతుందో అప్పుడే ఊహించుకున్నాను. నోటుబుక్కు పట్టుకురమ్మన్నాను. మర్నాడు తేలేదు. ఆ మర్నాడు మరిచిపోయానంది. నాలుగో రోజు స్టాఫ్ రూముకు పిలిపించి కాస్త గట్టిగానే అడిగాను. ప్రాజెక్టుకు మంచి మార్కులు వేస్తానని కూడా అన్నాను. మధ్యాహ్నం చున్నీ కింద దాచుకుని తెచ్చింది.

"సార్, గిది మా అమ్మోళ్ల గుంపుది. బయట ఎవ్వలకు సూపియ్యకుండ్రి సార్."

"నీ పేరు పెట్టనమ్మా, మీ అమ్మ పేరు పెట్టను, రైతుల పేర్లు గూడ పెట్టను. సరేనా?"

"పేర్ల గురించి కాదు సార్..." అని ఏదో చెప్పబోయి ఆగింది. నేను అప్పటికే ఒక్కో పేజీ తిప్పుతూ ఫోనులో ఫోటోలు తీసుకుంటున్నాను.

పేరు తీసేస్తే ఇక ఎవరికీ ఏ నష్టమూ ఉండదనుకోవడం మా చదువుకున్నవాళ్ల అలవాటు. కాగితం మీద పేరు కొట్టేసి, దాని బదులు ఒక అంకె వేసి, ధర్మంగా నడుచుకున్నామని నిద్రపోతాం. వాళ్లకు ఆస్తి పేరు కాదు, ఆ రోజుల వరస. బేకరీ చాచా నన్ను చాయ్ పోసి పంపించేయగలిగాడు, ఎందుకంటే ఆయన మార్కులు నా చేతిలో లేవు. ఈ పిల్ల మార్కులు నా చేతిలో ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఇక్కడ కూడా నేను ఎవరి పేరూ రాయడం లేదు గానీ, రాయనంత మాత్రాన సరిపోతుందన్న నమ్మకం ఇప్పుడు లేదు.

పాఠం బ్రహ్మాండంగా కుదిరింది. రైతుల పేర్ల బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. ఊళ్ల పేర్లు మాత్రం ఉంచేశాను. ఊళ్లు తీసేస్తే కాలువ నీళ్ల వరస అర్థం కాదు మరి. నారు పోసిన రోజు నుంచి నాటే రోజును ముందే ఎలా లెక్కగట్టాలో రంగురంగుల పట్టికగా గీశాను. కమిటీ పెద్దాయన కళ్లజోడు పైకెత్తి నా వైపు చూసి, "ఇదీ పాఠమంటే," అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను కేంటీన్‌లో అందరికీ చాయ్ ఇప్పించాను. ఆ యూనిట్ యూనివర్సిటీ కింద ఉన్న అన్ని కాలేజీలకూ వెళ్లింది. ఇప్పటికీ ఉంది. తీసేయమని ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఎందుకు తీసేయాలో కూడా రాయాల్సి వస్తుందని రెండుసార్లూ లేచిపోయాను.

కోర్సులో భాగంగా మా కాలేజీలో వ్యాపార ఆలోచనల పోటీ పెట్టాం. పోటీకి ముందు, ఆలోచన ఎలా ఉండాలో పిల్లలకు చూపిద్దామని నేను ఆ పట్టికలు తెర మీద వేశాను. ఒక్కో తెర మారుతుంటే హాలంతా ఫోన్లు పైకి లేచాయి. నా పాఠాన్ని పిల్లలు ఫోటోలు తీసుకోవడం అదే మొదటిసారి. ఇంకాస్త గొంతు పెంచి చెప్పాను. ఆ అమ్మాయి వెనక వరసలోంచి లేచి, తలుపు పక్కన కాసేపు నిలబడి, వెళ్లిపోయింది. సిగ్గుపడుతోందనుకున్నాను. తనను నలుగురిలో పొగుడుతున్నందుకు సిగ్గు అని.

పోటీలో నస్రుల్లాబాద్ వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడు లేచాడు. వాళ్లది పెద్ద వ్యవసాయం, వరీ చెరుకూ పండిస్తారు. ఇంట్లో సొంత ట్రాలీ ఆటో ఉంది, కూలీలు ఉండడానికి రేకుల షెడ్డు ఉంది. నాట్లకు మనుషుల్ని ముందే కుదిర్చిపెట్టే పని మొదలుపెడతానన్నాడు. సరిహద్దులో ఉన్న డోంగ్లి దాటి మహారాష్ట్ర నుంచి గుంపులను తెస్తానన్నాడు. ఏ ఊళ్లో ఏ రోజుల్లో నాట్లు పడతాయో తనకు తెలుసన్నాడు. చెప్పిందంతా నా పాఠంలోని మాటల్లోనే చెప్పాడు. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ని. అందరికంటే ఎక్కువ మార్కులు నేనే వేశాను.

అప్పుడు నాకేమీ తట్టలేదని రాస్తే ఇదంతా రాయడం దండగ. తట్టింది. మార్కులు వేసే కాగితం మీద పెన్ను ఆగింది. ఆ పిల్ల గుంపు ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే, ఆ కుర్చీలోనే వచ్చింది. కానీ నా పాఠం విని ఒకడు నిజంగా వ్యాపారం పెడుతున్నాడన్న సంబరం దాన్ని అవతలికి నెట్టేసింది. పోటీ ఉంటేనే వ్యాపారం పెరుగుతుందని మూడో యూనిట్‌లో రాశాం గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

యాసంగి, అంటే రెండో పంట కాలం, వచ్చింది. మా వైపు నాట్ల గుత్తకు ఒక పద్ధతి ఉంది. గుంపు పెద్ద నారుమడి గట్టు మీదికి వచ్చి, ఒక నారు మొక్క పీకి వేరు చూసి, రైతుతో మాట అనుకుంటే ఆ పొలం ఆ గుంపుదే. ఆ తర్వాత ఎవరొచ్చి తక్కువకు చేస్తామన్నా రైతు మాట తప్పడు. రాతకోతలుండవు. ఆ ఏడాది ఆ కుర్రవాడు నా పట్టిక చూసుకుని, నారు ఇంకా జానెడు కూడా లేవకముందే ఒక్కో గట్టు మీదికీ పోయి మాట తీసుకున్నాడు. ఆ ఆడవాళ్లు మామూలు రోజుకు పోయేసరికి ఏ గట్టు మీదైనా ఒకటే జవాబు. మాట ఇచ్చేసినం అక్కా, ఏమనుకోకుండ్రి. ఆ రైతులు చెడ్డవాళ్లు కారు. ఇచ్చిన మాట మీద నిలబడే మనుషులు కాబట్టే ఈ గుంపుకు ఒక్క మడి కూడా మిగల్లేదు.

కుర్రవాడు ఒకరోజు స్వీట్ డబ్బాతో స్టాఫ్ రూముకు వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు.

"అంత మీ పుణ్యమే సార్. మీరు సూపిచ్చినట్టే చేసిన. ఒక్క దినం గూడ ఖాళీ లేదు."

వాడిలో ఏ కల్మషమూ లేదు. పాఠం చెప్పాను, నేర్చుకున్నాడు. నేను స్వీట్ తీసుకుని తిన్నాను. పక్కనున్న లెక్చరర్లకు కూడా పంచాను.

ఆ అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. వారం చూశాను, పది రోజులు చూశాను. ఆమె ఊరి నుంచే వచ్చే ఇంకో విద్యార్థినిని అడిగితే, గుంపుకు ఈ యాసంగి పని దొరకలేదని, సగం మంది వేరే గుంపుల్లో కలిశారని చెప్పింది. తమ నాట్ల వరస బయటికి ఎలా పోయిందని గుంపులో పెద్ద గొడవ జరిగిందని కూడా చెప్పింది. నేను చేసిన మొదటి పని ఏంటంటే, ఆమె ప్రాజెక్టుకు పూర్తి మార్కులు వేయడం.

ఒక ఆదివారం పొద్దున బండి తీశాను. ఆ ఆడవాళ్లందరి ముందూ తప్పు నాదేనని చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. దారి పొడుగునా ఆ మాటలే పెదవుల మీద తిప్పుకుంటూ పోయాను. ఆమె వద్దంటే నేనే బలవంతంగా తీసుకున్నాను, నేనే అందరికీ చూపించాను, ఆ పిల్లది ఏ తప్పూ లేదు. ఇంతే. మూడు ముక్కలు. బీర్కూర్ దాటాక రోడ్డు పక్క మడుల్లో ఒక గుంపు వంగి నాటుతోంది. వాళ్ల మాటలు మరాఠీలో వినిపించాయి. బండి ఆపకుండా పోయాను.

వాళ్లింటి ముందు అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని బీడీలు చుడుతున్నారు. నాట్ల రోజుల్లో ఆ చేతులకు బీడీల చాట ముట్టే తీరిక ఉండదు. ఆ అమ్మాయి వాళ్లమ్మ నన్ను చూసి గబగబా లేచి కొంగు సర్దుకుంది.

"సారు వచ్చిండు, కుర్చీ తే బిడ్డా. చాయ్ పెట్టు. కూసోండ్రి సారూ, మంచిగున్నరా?"

అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. నన్ను చూసి దండం పెట్టి లోపలికి పోయింది. నేను ఈ ఏడు పనులు లేవని విన్నానంటూ మొదలుపెట్టాను. మిగతాది చెప్పేలోపే వాళ్లమ్మ అందుకుంది.

"ఏం జెప్పాలె సారూ. పద్నాలుగు మందిమి చేతులు ముడుసుకొని కూసున్నం. అంత దీని నోటి నుంచే. కాలేజీల దోస్తుల ముందట గొప్పకు పోయి, మన గుంపు ముచ్చట్లన్ని చెప్పుకున్నదట."

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"ఎవలో ఎందుకు చెప్తరు? తనే ఒప్పుకున్నది. అందరం కూసోబెట్టి అడిగితే, నేనే జెప్పిన, తప్పు నాదే అన్నది."

చాటలో ఆకు కత్తిరిస్తున్న ఒక పెద్దావిడ తల ఎత్తకుండానే అంది, "ఇగ పాలెందుకు ఇస్తం సారూ. ఎంకాం లేదు, ఏం లేదు. వానాకాలం నుంచి అందరి లెక్క బురదల దిగమన్నం."

అమ్మాయి చాయ్ తెచ్చి నా చేతికిచ్చి గడప దగ్గర నిలబడింది. నన్ను ఎందుకు కాపాడిందో నాకు ఈరోజుకీ తెలియదు. మార్కులకు భయపడిందో, సారు పేరు ఎత్తితే ఎవరూ నమ్మరనుకుందో, లేక సారును అలా అనకూడదని అనుకుందో. నేను చాయ్ తాగాను. వేడిగా ఉన్నా గుక్కలు గుక్కలుగా తాగేశాను. చెప్పేయాల్సిన మూడు ముక్కలూ నోట్లోనే ఉన్నాయి. ఆడవాళ్లంతా బీడీలు ఆపి నా వైపే చూస్తున్నారు. ఆ చూపుల్లో నా మీద ఎంత గౌరవం ఉందంటే, అది పోగొట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

"మీరన్న జెర చెప్పుండ్రి సారూ," అంది వాళ్లమ్మ. "మేం జెప్తే అది ఇనదు. మీ మాటంటే దానికి దేవుని మాట."

నేను ఆ అమ్మాయి వైపు తిరిగాను. తను నన్నే చూస్తోంది.

"గుంపు ముచ్చట్లు బయట చెప్పొద్దు బిడ్డా," అన్నాను. "జాగ్రత్తగ ఉండాలె."

"సరే సార్," అని ముందుకు వచ్చి, నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది.